నీడలో నీలం, ఎండలో నీలం

హోస్టా అనే మొక్క ఆదోనిలో బతకదు. ఎమ్మిగనూరులోనూ బతకదు. ఈ సంగతి మొదట్లోనే చెప్పేశాక ఇంకా రాయడానికి ఏముందని అడగొచ్చు. అది ఎందుకు బతకదో చూసుకుంటూ పోతే నాగసాకి, మచిలీపట్నం, కడప, లండన్ అన్నీ తిరిగి మళ్ళీ మా ఊరి ఎండలోకే వచ్చి పడ్డాను. దారి పొడుగునా తగిలింది నీలం రంగే. ఈ వ్యాసం ఆ దారి గురించి.

హోస్టాను మీరు ఫోన్లో చూసే ఉంటారు. పెద్ద చెట్ల కింద, చల్లటి నీడలో, నేలను ఆనుకుని గుబురుగా పెరుగుతుంది. రకాన్ని బట్టి చిటికెన వేలంత ఆకు నుంచి విస్తరాకంత ఆకు దాకా ఉంటుంది. ఈనెలు లోతుగా దిగి, చీరకు కుచ్చెళ్ళు పోసినట్టు కనిపిస్తాయి. పూలూ పూస్తాయి కానీ దీన్ని ముఖ్యంగా ఆకుల కోసమే పెంచుతారు. అందులోనూ నీలాకు రకాలంటే చెప్పలేనంత మోజు. మంచు పట్టినట్టు, బూడిద రాసినట్టు ఉండే నీలం అది. బెంగళూరులోనో హైదరాబాదులోనో నాలుగడుగుల బాల్కనీ ఉన్నవాళ్ళు ఆ ఫోటోలు చూసి మనసు పారేసుకోవడంలో వింతేమీ లేదు.

చిత్రమేమిటంటే ఆ ఆకులో నీలం రంగు లేదు. లోపల ఆకు మామూలు పచ్చదే. దాని మీద సన్నటి మైనపు పొర ఒకటి ఉంటుంది. ఆ మైనపు నలుసులు మీద పడ్డ వెలుతురును చెదరగొట్టి వెనక్కి పంపుతాయి. అలా చెదిరిన వెలుతురు మన కంటికి నీలంగా తోస్తుంది. బొటనవేలితో కాస్త గట్టిగా రుద్దితే పొర పోయి, ఆ మేరకు పచ్చటి మచ్చ మిగులుతుంది. తామరాకు మీద నీటిబొట్టు నిలవదని సామెతలా చెప్పుకుంటాం కదా, అక్కడ బొట్టును జార్చేసేది కూడా ఇలాంటి మైనమే.

అందుకే నీలం హోస్టాను పెంచేవాళ్ళకు ఆ పొరను కాపాడుకోవడమే పెద్ద పని. పొద్దుటి లేత ఎండ కాసేపు తగలొచ్చు, మధ్యాహ్నపు ఎండ తగలకూడదు. నీళ్ళు మొదట్లోనే పోయాలి, ఆకుల మీద చల్లకూడదు. ఇన్ని చేసినా, వసంతంలో నీలంగా విచ్చుకున్న ఆకు వేసవి చివరికి వచ్చేసరికి ఎండకూ వానకూ పొర అరిగిపోయి పచ్చబడుతుంది. మళ్ళీ నీలం చూడాలంటే మరుసటి ఏడు కొత్త ఆకు రావాలి.

ఆ కొత్త ఆకు రావడానికి చలి కావాలి. హోస్టా ఏటా చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి, నేల కింద దుంపవేళ్ళతో నిద్రపోతుంది. ఐదు డిగ్రీల లోపు చలి వారాల తరబడి తగిలితేనే మళ్ళీ సరిగ్గా లేస్తుంది. ఆ నిద్ర దొరకకపోతే ఏడాదికేడాది చిక్కిపోయి చచ్చిపోతుంది. మా ఆదోనిలో మే నెలలో ఎండ నలభై దాటుతుంది. చలికాలం రాత్రి పదిహేను డిగ్రీలకు దిగితేనే దుప్పట్లు బయటికి తీస్తాం. వేడి దేశాల్లో కొందరు ఔత్సాహికులు ఈ దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టి, అదే చలికాలమని దాన్ని నమ్మిస్తుంటారు. పశ్చిమ కర్నూలులో అంత ఓపిక ఎవరికుంది?

*

ఈ మొక్క అసలు ఊరు జపాన్, కొరియా, చైనా. జపాన్‌లో దీన్ని గిబోషి అంటారు. వంతెనల కమ్మీల మీద ఉల్లిపాయ ఆకారంలో పెట్టే లోహపు తొడుగు పేరు అది. విచ్చుకోని పూమొగ్గ అలాగే ఉంటుందని ఆ పేరు వచ్చింది. అక్కడ కొన్ని రకాల లేత మొలకల్ని కూరగా వండుకుని తింటారు కూడా.

యూరప్‌కు ఇది తెలిసింది డచ్చివాళ్ళ వల్ల. నాగసాకి రేవులో దెషిమా అని చిన్న కృత్రిమ దీవి. 1641 నుంచి రెండు వందల ఏళ్ళకు పైగా జపాన్‌లో యూరోపియన్లకు ఉండనిచ్చిన చోటు అదొక్కటే. అందులోనూ డచ్చి ఈస్టిండియా కంపెనీ వాళ్ళకే. ఆ కంపెనీ కొలువులో వైద్యులుగా వచ్చినవాళ్ళు మందుమొక్కల పేరుతో జపాన్ మొక్కలన్నీ పరిశీలించారు. 1690 నుంచి 1692 దాకా అక్కడున్న ఎంగెల్బర్ట్ కెంఫర్ ఈ మొక్కను బొమ్మ గీసి, 1712లో అచ్చయిన తన పుస్తకంలో వర్ణించాడు. 1775లో కార్ల్ పీటర్ థున్‌బర్గ్ వచ్చాడు. ఆ తర్వాత 1823లో ఫిలిప్ ఫ్రాంజ్ ఫాన్ సీబోల్డ్ వచ్చాడు. బయటికి పోకూడని జపాన్ పటాలు ఇతని దగ్గర దొరికాయని 1829లో దేశం నుంచి వెళ్ళగొట్టారు. పటాల సంగతి ఎలా ఉన్నా, మొక్కలు మాత్రం ఓడెక్కి నెదర్లాండ్స్ చేరాయి. వాటిలో పెద్ద బూడిద నీలం ఆకుల హోస్టా ఇవాళ అతని పేరుతోనే హోస్టా సీబోల్డియానా అయింది. నేటి నీలాకు రకాల్లో చాలా వాటికి ఏదో తరంలో ఇదే మూలం.

హోస్టా అన్న పేరు 1812లో పెట్టారు, ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త నికోలస్ థామస్ హోస్ట్ గౌరవార్థం. కొన్నాళ్ళు ఫుంకియా అని మరో పేరు చలామణీ అయింది. 1905లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ తర్వాత మళ్ళీ హోస్టాయే ఖాయమైంది. అదే 1905లో జర్మనీలో గియోర్గ్ అరెండ్స్ అనే నర్సరీ యజమాని ‘ఎలిగాన్స్’ అనే నీలం రకాన్ని బయటికి తెచ్చాడు. 1936లో అమెరికాలో ఫ్రాన్సిస్ విలియమ్స్ అనే ఆవిడ ఒక నర్సరీలో నీలం ఆకుకు పసుపు అంచున్న మొక్కను చూసి ఇంటికి తెచ్చుకుంది. తర్వాత దానికి ఆవిడ పేరే పెట్టారు. 1968లో అమెరికన్ హోస్టా సొసైటీ మొదలైంది. ఇప్పుడు వేల రకాలున్నాయి.

ఈ కథలో మన ఊళ్ళకు ఏ పాత్రా లేనట్టు కనిపిస్తుంది. దెషిమాలో దిగిన ఓడల సరుకులో మాత్రం మన పాలు ఉంది. అదే డచ్చి కంపెనీ 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. కోరమాండల్ తీరం నుంచి నూలు బట్టలు, అద్దకం బట్టలు ఆగ్నేయాసియాకూ అక్కణ్ణుంచి జపాన్‌కూ చేర్చింది. జపాన్‌లో ఆ అద్దకం బట్టల్ని సరస అన్నారు. టీ సామాను చుట్టుకోవడానికీ, పొగాకు సంచులు కుట్టుకోవడానికీ చిన్న ముక్కల్ని కూడా అపురూపంగా దాచుకున్నారు. మంజిష్ఠ లాంటి వేళ్ళ ఎరుపుతో పాటు ఆ బట్టల మీదున్న నీలం మన నీలి చెట్టుది. డచ్చివాళ్ళు నీలిమందు కోసమే లోపలికి, ఇప్పటి ఖమ్మం వైపు నాగులవంచ దాకా వచ్చి కోఠీ పెట్టుకున్నారు. అంటే జపాన్ నీలాకు యూరప్ దారి పట్టకముందే తెలుగు నీలం జపాన్ రేవులో దిగింది. మోసింది ఒకే కంపెనీ ఓడలు.

*

నీలి చెట్టుకూ హోస్టాకూ ఏ పోలికా లేదు. నీలి మోకాలెత్తు, నడుమెత్తు పెరిగే పొద. ఉలవ, కంది చెట్ల కుటుంబమే. మునగాకంత చిన్న ఆకులు, గులాబి రంగు చిన్న పూలు. దీనికి నీడ వద్దు, నిండా ఎండ కావాలి. చేలో నిలబడి ఎంతసేపు చూసినా నీలం జాడ కూడా కనిపించదు. ఆకు లోపల ఇండికాన్ అనే రంగులేని పదార్థం ఉంటుంది. ఆకును నీళ్ళలో నానబెట్టి, ఆ నీటిని గాలి తగిలేలా చిలికితేనే అది నీలంగా మారి అడుగుకు దిగుతుంది. హోస్టా నీలం పైకి కనబడుతుంది, రుద్దితే పోతుంది. నీలి చెట్టు నీలం పైకి కనబడదు, ఆకును పాడుచేస్తే తప్ప రాదు.

దీన్ని తీయడంలో మన వైపు ఒక ప్రత్యేక పద్ధతి ఉండేది. బెంగాల్లో పచ్చి ఆకును కోసిన రోజే తొట్లలో వేసేవాళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల ఎండాకు పద్ధతి నడిచింది. మొక్కను కోసి ఎండలో ఆరబెట్టి, కర్రలతో కొట్టి ఆకు రాల్చి, ఆ ఆకును తడి తగలని కొట్లో సుమారు నెల రోజులు నిలవ ఉంచేవారు. ఆ నెలలో ఆకుపచ్చ రంగు మెల్లగా పోయి, ఆకు సీసం రంగులోకి, అంటే బూడిద కలిసిన నీలంలోకి తిరుగుతుంది. అప్పుడు రంగుకు పక్వమైందని లెక్క. నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టి, వడగట్టి, చిలికి, సున్నపు తేట పోసి, అడుగున పేరుకున్న ముద్దను బిళ్ళలుగా కోసి ఆరబెట్టేవాళ్ళు.

నేను ఈ వివరం చదివిన రోజు ఆశ్చర్యపోయాను. నీలాకు, అదీ బూడిద నీలం ఆకు, మన దగ్గర కొట్లలో గుట్టలుగా ఉండేదన్నమాట. దాన్ని ఎవరూ అందం కోసం దాచలేదు. పదును చూసుకోవడానికి రోజూ చేతిలోకి తీసుకుని చూసేవాళ్ళు.

కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలు మద్రాసు నీలికి ముఖ్యమైన చోట్లు. లండన్ మార్కెట్లో కడప నీలిని ‘కుర్పా’ అనే పేరుతో అమ్మేవాళ్ళు. కడప అన్న మాట ఇంగ్లీషు దళారీల నోట పడి అలా అయింది. బెంగాల్లో తెల్లదొరల తోటలు, బలవంతపు సాగు, 1859-60ల నీలి తిరుగుబాటు, దాని మీద దీనబంధు మిత్ర నాటకం ‘నీల్ దర్పణ్’ మనకు తెలిసిన చరిత్ర. మద్రాసు వైపు చాలావరకు రైతులే పండించి, ఊళ్ళోని చిన్న తొట్లలో రంగు తీసేవాళ్ళు. అంతమాత్రాన ఇక్కడ అంతా చల్లగా ఉందని కాదు. షావుకారి దగ్గర బాకీ, లండన్ ధరలో ఎగుడుదిగుడు, 1876-78 కరువు ఇవన్నీ ఇక్కడి రైతు నెత్తిన కూడా పడ్డాయి. ఆ కరువులో అందరికన్నా ఎక్కువగా నలిగిపోయిన జిల్లాల్లో బళ్ళారి, కర్నూలు ఉన్నాయి.

*

బళ్ళారి పేరు ఎందుకు వచ్చిందంటే, ఆదోని, ఎమ్మిగనూరు అప్పట్లో కర్నూలు జిల్లావి కావు. విజయనగరం తర్వాత ఆదోని కోట బీజాపూరు చేతికి వచ్చింది. 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ ఇక్కడ పాలించాడు. ఊళ్ళోని పెద్ద జామియా మసీదు ఆయన కాలంలో కట్టిందే. ఆ తర్వాత మొగలులు, నిజాం తమ్ముళ్ళలో ఒకడైన బసాలత్ జంగ్, మధ్యలో టిప్పు. 1800లో నిజాం ఇచ్చేసిన దత్తమండలాల్లో భాగంగా కంపెనీకి వెళ్ళి, బళ్ళారి జిల్లాలో ఉండిపోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి నుంచి విడిపోయి కర్నూలులో కలిశాయి. ఇప్పటికీ ఆదోని బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో వినిపిస్తాయి.

ఈ నేల ఎక్కువగా నల్లరేగడి. నల్లరేగడి పత్తికి పుట్టిల్లు. ఆదోని పత్తి మార్కెట్టును రెండో బొంబాయి అని చెప్పుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నీలి సాగుకు తూర్పు తాలూకాలు, కడప ముందుంటే, ఈ పడమటి వైపు పత్తి, నూలు, నేత ముందున్నాయి. ఆదోని నూలు తివాచీలకు, అంటే మనం జంఖానాలు అనేవాటికి, పేరు. ఎమ్మిగనూరు నేతకు పేరు. కుర్ని, పద్మశాలి ఇళ్ళల్లో మగ్గం గుంటలు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘాన్ని పెట్టించాక ఈ ఊరి దుప్పట్లు, తువ్వాళ్ళు దూరదూరాలకు పోయాయి.

రసాయన రంగులు రాకముందు నూలుకు నిలిచే నీలం అంటే నీలిమందు ఒక్కటే. కాబట్టి తూర్పున పుట్టిన నీలం పడమట నూలెక్కింది. నేతకు, అద్దకానికి కావలసిన నీడ కూడా ఇక్కడి వాళ్ళు కట్టుకున్నదే. మట్టి మిద్దె కింద, గుంటలోకి కాళ్ళు దించుకుని, సన్నటి వెలుతురులో నేయడం. రంగేసిన నూలు చిలపల్ని ఎండ సూటిగా పడని చోట ఆరేయడం. చెట్లు తక్కువున్న ఈ సీమలో నీడ అనేది విహారానికి దొరికే వస్తువు కాలేదు. మనుషులు పనిచేసుకోవడానికి కట్టుకున్న చోటుగానే ఉంది. యూరప్ సంపన్నుల పెద్ద ఓక్ చెట్ల నీడ పక్కన పెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

నీలిరంగు వేయడం మిగతా రంగుల్లాగా మరగబెట్టి ముంచి తీయడం కాదు. నీలిమందు మామూలు నీళ్ళలో కరగదు. దాన్ని బానలో పులియబెట్టాలి. దక్షిణాదిలో అందుకు తగిరిస గింజల్ని ఉడికించి వేసేవాళ్ళు. సున్నం, చౌడు కలిపేవాళ్ళు. బాన పక్వానికి వస్తే లోపలి రంగు పసుపు కలిసిన పచ్చగా మారుతుంది. అందులో ముంచిన నూలు కూడా పచ్చగానే బయటికి వస్తుంది. గాలి తగిలిన కొద్ది నిమిషాల్లో, చూస్తుండగానే, నీలమవుతుంది. ఎంత ముదురు కావాలంటే అన్నిసార్లు ముంచి ఆరేయాలి. పులుపు ఎక్కువైనా, చలి ఎక్కువైనా బాన చెడిపోతుంది. మూత తీసి వాసన చూసి, వేలు ముంచి నాలుకకు రాసుకుని సంగతి చెప్పే మనిషి మీదే ఆ ఇంటి తిండి ఆధారపడేది. పక్కనున్న కన్నడ సీమలో నీలగార అన్న కులనామమే ఈ పని నుంచి వచ్చింది.

ఈ బాన మన భాషలోనూ ఒక మరక వదిలిపోయింది. పంచతంత్రంలో నీలిబానలో పడి అడవికి రాజైన నక్కను అందరూ ఎరుగుదురు. అంతకంటే నాకు ఇష్టమైనది నీలివార్త అన్న మాట. పుకారు, అబద్ధపు కబురు అని అర్థం. హిందుస్తానీలోనూ ‘నీల్ బిగడ్నా’, అంటే నీలి చెడిపోవడం, అన్న నానుడి ఇలాంటి అర్థంలోనే ఉంది. దాని వెనుక ఒక నమ్మకం చెబుతారు. బాన చెడిపోతే రంగరేజు నమ్మశక్యం కాని ఒక అబద్ధాన్ని పుట్టించి ఊళ్ళోకి వదులుతాడట. ఆ అబద్ధం ఎంత దూరం పాకితే బాన అంత బాగా కుదురుకుంటుందట. ఎంత దిగులుపడిన మనిషి ఆ ఉపాయం పట్టుకుని వేలాడి ఉంటాడో ఆలోచించండి. మందులో పెట్టిన డబ్బు, పది రోజుల పని, పండగకు ఇస్తానన్న నూలు అన్నీ ఒక కుండలో చెడిపోతుంటే, చేయడానికి ఏమీ మిగలక అబద్ధం చెప్పుకుని ఎదురుచూడటం.

మా అక్క కూతురు ఎమ్మిగనూరులోనే ఉంటుంది. ఒకరోజు ఫోన్ చేసి, “మామా, నీలాకు చెట్టు గింజలంట, ఇరవై తెప్పిచ్చినా. నీడలో పెడితే సాలంట” అంది. ఆన్‌లైన్లో ఎవరో అమ్మారు. ఆ గింజలు మొలిచి ఏదో గడ్డి అయ్యాయి. అవి నిజం హోస్టా గింజలే అయినా లాభం లేకపోయేది. పేరున్న నీలం రకాలు గింజ నుంచి తల్లిలాగా రావు. దుంపను చీల్చి నాటాలి, లేదా ప్రయోగశాలలో కణజాలం నుంచి పెంచాలి. అమ్మినవాడు ఏ బానను బాగుచేసుకోవడానికి ఆ వార్త వదిలాడో గానీ, అది అచ్చమైన నీలివార్త. “ఫోటో మటుకు శానా బాగుండె మామా” అంది. అదీ నిజమే.

*

అసలైన నీలం బాన చెడింది 1897లో. జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1880 నాటికే నీలిమందును ప్రయోగశాలలో తయారుచేశాడు. 1883లో దాని నిర్మాణం తేల్చాడు. అయితే గిట్టుబాటుగా తయారుచేసే పద్ధతి దొరికి, బీఏఎస్ఎఫ్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది 1897లో. కొన్నేళ్ళలోనే భారతదేశపు నీలి పొలాలు కుదించుకుపోయాయి. రంగుల మీద చేసిన కృషికి బేయర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది 1905లో. అరెండ్స్ నీలం హోస్టాను బయటపెట్టిన ఏడాది, దేశం కూడా అవే. ఒక జర్మన్ నీలం పూలతోటల నీడలోకి నడిచింది. మరో జర్మన్ నీలం కడప, కర్నూలు చేలల్లోంచి ఒక పంటను నడిపించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ రంగు ఆగిపోయినప్పుడు నీలి ధర మళ్ళీ కొన్నాళ్ళు లేచింది. యుద్ధం అయిపోగానే పడిపోయింది.

ఇందులో ఏడవాల్సినదెంత, ఏడవక్కర్లేనిదెంత అని లెక్క వేసుకోవాలి. ఫ్యాక్టరీ నీలం నకిలీ కాదు. ఆకులోంచి తీసినా, ఫ్యాక్టరీలో చేసినా రంగు అణువు ఒకటే. అద్దకం చేసేవాడికి అది చౌక, రంగు ప్రతిసారీ ఒకేలా వస్తుంది. బెంగాల్, బీహార్ రైతులకైతే ఈ పంట పోవడం పీడ వదిలినట్టే. చంపారన్‌లో 1917లో గాంధీ వెళ్ళింది ఆ పీడ చివరి రోజుల్లోనే. కానీ మన వైపు పోయింది పంట ఒక్కటే కాదు. నీలి వేరు నేలలో నత్రజని నిలుపుతుంది. రంగు తీసిన పిప్పి పొలానికి మంచి ఎరువు. కొట్లో ఆకు పక్వాన్ని చూపుతో చెప్పగల మనిషి, బాన వాసన పట్టగల మనిషి ఒకటి రెండు తరాల్లో లేకుండా పోయారు. వాళ్ళ పేర్లు ఏ మొక్కకూ పెట్టలేదు. సీబోల్డు పేరు, హోస్టు పేరు, ఫ్రాన్సిస్ విలియమ్స్ పేరు ఆకుల మీద నిలిచాయి. నెల రోజులు ఆకును తిప్పితిప్పి చూసినవాడి పేరు మనకు తెలియదు. ఈ కథలో నన్ను కలతపెట్టేది ఇదే.

మాట మాత్రం మిగిలింది. ఇప్పటికీ తెల్ల పంచెకు పెట్టే రంగును మా ఇళ్ళల్లో నీలిమందు అంటారు. అందులో నీలి ఆకు రవ్వంత కూడా ఉండదు, అది వేరే రసాయనం. గోరింటాకుతో కలిపి జుట్టుకు పెట్టుకునే నీలి ఆకు పొడి మాత్రం అసలు చెట్టుదే. నగరాల్లో చాలామంది ఆ చెట్టును వాడుతూనే ఉన్నారు, చూసినవాళ్ళే తక్కువ.

*

ఇక నీలాకు సంగతి. ఆదోని, ఎమ్మిగనూరుల్లో అది లేదనుకోవద్దు. దాని కోసం నీడలో వెతకడం వల్లే కనబడటం లేదు. ఏ బాట పక్కకైనా పోయి జిల్లేడు చెట్టు చూడండి. మందపాటి ఆకు, బూడిద నీలం, మీద తెల్లటి పొడి లాంటి పూత. బొటనవేలితో రుద్దితే కింద పచ్చ. హోస్టాకు నీలం ఇచ్చిన ఏర్పాటే ఇక్కడా ఉంది. జొన్న కాడ మీద ముఖం పౌడరులా అంటే పూతా అదే జాతి మైనం. తేడా అంతా దాని పనిలో ఉంది. ఈ ఎండలో ఆ పూత వెలుతురును కొంత వెనక్కి కొట్టి, ఆకులోని తడి ఆవిరైపోకుండా కాస్తుంది. వాన ఎగ్గొట్టిన ఏడాది జొన్న నిలబడి ఉందంటే అందులో ఆ పూత పాలు ఉంది. అక్కడ నీడలో అరిగిపోతుందని దిగులుపడే పొర, ఇక్కడ మండుటెండలో కాపలా కాస్తోంది. జిల్లేడుకు సంస్కృతంలో అర్క అని పేరు, సూర్యుడి పేరే. రథసప్తమి నాడు ఏడు జిల్లేడాకులు తల మీదా భుజాల మీదా పెట్టుకుని నీళ్ళు పోసుకునే ఆచారం కూడా సూర్యుడి కోసమే.

ఇంట్లో నీడ ఉంది, దాన్ని నింపాలి అనుకునేవాళ్ళకు చాగ ఉంది. ఒకప్పుడు నార తీసి తాళ్ళు పేనిన మొక్క. ఇప్పుడు దాని చుట్టాలు స్నేక్ ప్లాంట్ పేరుతో ఆఫీసు బల్లల మీదకెక్కాయి. నేటి వర్గీకరణలో చాగ, హోస్టా రెండూ శతావరి కుటుంబంలోనే ఉన్నాయి. ఆకు బూడిద పచ్చ, అడ్డచారలు. దీనికి చలినిద్ర అక్కర్లేదు. నెలకు రెండుసార్లు నీళ్ళు మరిచిపోయినా అలగదు.

ఎండ పడే మూల ఒకటి ఉంటే నీలి గింజలు వేయండి. గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి వేస్తే మొలుస్తుంది. మూడు నెలలకు పూత మొదలవుతుంది. అప్పుడు రెమ్మలు కోసి, ఒక బకెట్లో మునిగేటట్టు నీళ్ళు పోసి, పైన బరువు పెట్టి, ఒక రాత్రి ఉంచండి. పొద్దున ఆకు తీసేస్తే పసుపు పచ్చటి నీళ్ళు మిగులుతాయి. కాస్త సున్నపు తేట కలిపి, ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి ఎత్తి పోస్తూ ఉండండి. చేతులు నొప్పి పుట్టే వేళకు నురగ నీలమవుతుంది. అప్పుడు ఆపి అడుగుకు దిగనివ్వండి. బకెట్టు ఆకుకు గోరంత ముద్ద రావచ్చు. ఒక చీర అంచు రంగుకు ఎన్ని బకెట్లు, ఎన్ని చేతులు కావాలో అప్పుడు లెక్క తెలుస్తుంది.

ఏటా జనవరిలో ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. రథం, పశువుల సంత, ఊరు పట్టనంత జనం. ఊరి దేవుడి పేరులోనే నీలం ఉంది. ఈసారి ఎవరైనా వస్తే, సంతకు పోయే దారిలో ఒక జిల్లేడాకు మీద వేలు పెట్టి చూడండి. పాలు కారుతాయి, కంటికి తగలనివ్వొద్దు. వేలి కింద పొర తుడుచుకుపోయి పచ్చటి గీత పడుతుంది. ఇంకొన్నాళ్ళలో రథసప్తమికి ఆ చెట్టు ఆకులే ఎవరో ఒకరు కోసుకుపోతారు.